అమెరికా సూపర్‌మార్కెట్ చికెన్: మంచిది ఎంచుకోవడం, నీళ్ళు వదిలించడం, మన వంటకి దారికి తేవడం

మసాలా మారలేదు, మూకుడు మారలేదు, వండే చెయ్యీ మారలేదు. అయినా కూరలో రొమ్ము ముక్క పంటికింద కరకరమంటుంది, వేపుడు వేగకుండా ఉడికిపోతుంది, బిర్యానీ అడుగున అన్నం ముద్దకడుతుంది. అమెరికాలో సూపర్‌మార్కెట్ చికెన్ వండుకునే మనవాళ్ళు ఇలాంటప్పుడు మంటనో మ్యారినేషన్‌నో తప్పుపడతారు. చాలాసార్లు తేడా ట్రేలోనే ఉంటుంది: కోడి మరీ పెద్దది, దానికి తోడు నీళ్ళు. ఈ రెండిటినీ కొనేటప్పుడే పట్టుకోవచ్చు. నీళ్ళ సంగతైతే ఇంటికి తెచ్చాక కూడా సర్దుకోవచ్చు. చెక్కబారిన రొమ్మును మాత్రం ఏ వంటా బాగుచెయ్యదు.

రొమ్ము ఎందుకు చెక్కబారుతోంది

1925లో అమెరికాలో బ్రాయిలర్ కోడి రెండున్నర పౌండ్లు తూగడానికి 112 రోజులు పట్టేది. ఇప్పుడు 47 రోజుల దగ్గర ఆరు పౌండ్లు దాటేస్తోంది. 1940ల చివర్లో ‘చికెన్ ఆఫ్ టుమారో’ పేరుతో జరిగిన పోటీలు రొమ్ము కండ ఎక్కువున్న కోడి కోసమే. తర్వాత వచ్చిన జాతులన్నీ అదే దారిలో పోయాయి. కోడి పెరిగింది, మిగతా ఒంటికన్నా రొమ్ము మరీ పెరిగింది. అంత మందపు కండకి రక్తం సరిగా అందదు. కొన్ని కండపోగులు దెబ్బతిని, వాటి చోట కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం, కొవ్వు చేరతాయి. దాన్నే పరిశ్రమలో ‘వుడీ బ్రెస్ట్’ అంటారు. కండ మీద పోగుల వెంటే తెల్ల చారలు కనిపిస్తే ‘వైట్ స్ట్రైపింగ్’. వేలితో గిల్లితే పోగులు పోగులుగా ఊడొచ్చేది ‘స్పగెట్టీ మీట్’. వీటిలో ఏదీ తింటే రోగమొచ్చేది కాదు, రుచికే చేటు.

హార్మోన్లు ఎక్కించి పెంచుతున్నారన్న మాట మన గుంపుల్లో బాగా తిరుగుతుంది. కోళ్ళకి హార్మోన్లు ఇవ్వడాన్ని అమెరికా ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. ప్యాకెట్ మీద ‘హార్మోన్లు లేవు’ అని వేస్తే, ఆ నిషేధం అందరికీ ఉందని పక్కనే రాయాలి. దానికోసం ఎక్కువ డబ్బులు పెట్టడం దండగ. ఈ ఎదుగుదల జాతి ఎంపిక వల్ల, మేత వల్ల.

కొనేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. అక్కడి కంపెనీలు అన్ని కోళ్ళనీ ఒకే తూకానికి పెంచవు. ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలకీ మొత్తం కోడిగా అమ్మడానికీ చిన్న కోళ్ళు, ట్రేల్లో ముక్కలకి మధ్యరకం, ఎముక తీసి బోన్‌లెస్ రొమ్ముగా అమ్మడానికి ఎనిమిది పౌండ్లు, ఆపైన తూగే పెద్ద కోళ్ళు. చెక్కబారడం ఎక్కువగా ఈ ఆఖరి రకంలో. అంటే మనం శుభ్రంగా ఉంది, పని తక్కువ అని తీసుకునే బోన్‌లెస్ స్కిన్‌లెస్ బ్రెస్ట్ ప్యాకెట్టే అన్నిటికన్నా అనుమానించాల్సింది. మూడున్నర, నాలుగు పౌండ్ల మొత్తం కోడిలోంచి కోసుకున్న రొమ్ముకి ఈ బెడద చాలా తక్కువ. థైస్‌కీ డ్రమ్‌స్టిక్స్‌కీ లేనట్టే.

ట్రే చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

ముందు సైజు. మంచి రొమ్ము ఒక పక్క ముక్క 150 నుంచి 220 గ్రాములు, అంటే ఐదు నుంచి ఎనిమిది ఔన్సులు ఉంటుంది. మూడు పౌండ్ల ట్రేలో నాలుగే ముక్కలుంటే ఒక్కొక్కటీ పన్నెండు ఔన్సులు. అలాంటి ట్రే వదిలేసి, అదే బరువుకి ఆరేడు ముక్కలున్నది చూడండి.

తర్వాత ప్లాస్టిక్ మీంచే రొమ్ము లావు కొసని బొటనవేలితో నొక్కాలి. బాగున్న కండ దిగి, మెల్లగా పైకొస్తుంది. చెక్కబారినది బిగించిన పిక్కలా ఎదురుతంతుంది. ఆ కొస దగ్గర గట్టు కట్టినట్టు ఉబ్బి ఉండటం, రంగు పాలిపోవడం, పైన పసుపుపచ్చని జిగురు నీరు చేరడం కూడా గుర్తులే. ఇంట్లో ప్యాకెట్ విప్పాక ఇంకో పరీక్ష చెయ్యొచ్చు. లావు కొసని పట్టుకుని ముక్కని అడ్డంగా చాపితే మంచిది కిందికి వేలాడుతుంది, చెక్కబారినది అట్టముక్కలా నిలబడుతుంది.

తెల్ల చారలు గీతకీ గీతకీ మధ్య ఎడంతో, వెంట్రుక సన్నం ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒక మిల్లీమీటరు దాటి, రొమ్మంతా పరుచుకుని ఉంటే వేరే ట్రే తీసుకోండి.

ట్రే వంచి చూడండి. మూలకి చేరే గులాబీరంగు నీరు రక్తం కాదు, కండలోంచి కారిన నీరు. కింద పరిచిన ప్యాడ్ తడిసి ఉబ్బి, దానిపైన కూడా నీళ్ళు నిలిచాయంటే ఆ కోడి ఎక్కువ నీళ్ళు పట్టినదో, ఒకసారి గడ్డకట్టి కరిగినదో అనుకోవాలి. ‘ఫ్రెష్’ అన్న మాటని మనం అనుకునే అర్థంలో తీసుకోకండి. 26 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 3.3 సెల్సియస్ కిందికి పోకపోతే చాలు, ఫ్రెష్ అని రాసుకోవచ్చు.

తోలు పచ్చగా ఉంటే నాటుకోడి రుచి వస్తుందన్న ఆశ వద్దు. ఆ రంగు మేతలో వేసే మొక్కజొన్న వల్లనో బంతిపూల సారం వల్లనో వస్తుంది. అదే జాతి, అదే ఎదుగుదల.

మొత్తం కోడి అయితే మూడున్నర నుంచి నాలుగున్నర పౌండ్ల లోపు చూసుకోండి. ఐదు దాటినవాటిని ‘రోస్టర్’ అని అమ్ముతారు. అవి ఓవెన్‌లో కాల్చడానికి బాగుంటాయి, మన కూరకి ముక్కలు మరీ మొద్దుగా వస్తాయి. హలాల్ దుకాణాల్లో రెండున్నర, మూడు పౌండ్ల కోళ్ళు కూడా దొరుకుతాయి. పైగా స్కిన్‌లెస్ చేసి, కర్రీ కట్ కొట్టిస్తారు. ‘చిన్న ముక్కలు’ అని చెప్పకపోతే పెద్దవే కొడతారు. వేపుడుకైతే 20 నుంచి 24 ముక్కలు, కూరకి 16 నుంచి 18 అని లెక్క చెప్పడం మేలు.

నీళ్ళ లెక్క, ఉప్పు లెక్క

చికెన్‌లోకి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది చల్లబరిచేటప్పుడు. అమెరికాలో చాలా ప్లాంట్లు కోసిన కోడిని చల్లటి నీళ్ళ తొట్లలో ముంచి చల్లారుస్తాయి. అప్పుడు తోలు కిందా కండలోనూ కొంత నీరు చేరుతుంది. ఎంత చేరిందో లేబుల్ మీద ‘రిటెయిన్డ్ వాటర్’ అని శాతంలో వెయ్యాలి. ‘ఎయిర్ చిల్డ్’ అన్నవాటిని చల్లటి గాలిలో వేలాడదీసి చల్లారుస్తారు కాబట్టి ఈ నీరు ఉండదు. ధర ఎక్కువే, కానీ వేపుడుకీ కబాబుకీ పెట్టిన డబ్బుకి ఫలితం కనిపిస్తుంది. పులుసు కూరకి అంత పెట్టనక్కర్లేదు.

రెండోది సూదులతో ఎక్కించే ఉప్పునీరు. ఇందులో బ్రాత్, ఫాస్ఫేట్లు, కొన్నిసార్లు క్యారజీనన్ (నీటిని పట్టి ఉంచే సముద్రనాచు సారం) కూడా ఉంటాయి. 2016 నుంచి ఈ సంగతి ఉత్పత్తి పేరులోనే శాతంతో సహా రాయాలి. ‘15 శాతం ద్రావణం కలిపిన చికెన్ బ్రెస్ట్’ అన్నట్టుగా ఉంటుంది. అక్షరాలు చిన్నవిగా ఉండొచ్చు, వెతకాలి. ఫ్రీజర్ సంచుల్లో వచ్చే బోన్‌లెస్ ముక్కల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ‘నేచురల్’ అని పైన పెద్దక్షరాలుంటే ఉప్పునీరు లేదని అర్థం కాదు. కృత్రిమ పదార్థం కానంతవరకు ఉప్పు, నీళ్ళు, బ్రాత్ ఎక్కించినదాన్నీ నేచురల్ అనొచ్చు.

డబ్బు లెక్క వేసుకోండి. 15 శాతం ద్రావణం ఉన్న మూడు పౌండ్ల ప్యాకెట్ 1,360 గ్రాములైతే, దాన్ని 1.15తో భాగిస్తే అసలు చికెన్ సుమారు 1,180 గ్రాములు. మిగిలిన 180 గ్రాములు ఉప్పునీరు. పౌండు ధర తక్కువున్న ప్యాకెట్టూ కొంచెం ఎక్కువున్న ప్యాకెట్టూ పోల్చేటప్పుడు ఈ భాగహారం చేశాకే నిర్ణయించండి.

లేబుల్ వెతికే ఓపిక లేకపోతే వెనక పోషకాల పట్టికలో సోడియం చూడండి, అంతకన్నా సులువైన పరీక్ష లేదు. ఏమీ కలపని చికెన్‌లో నాలుగు ఔన్సులకి 50 నుంచి 80 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. 200, 300, 400 అని ఉంటే ఉప్పునీరు ఎక్కించినట్టే. నాలుగు ఔన్సులకి 400 మిల్లీగ్రాములంటే కిలోకి సుమారు మూడున్నర గ్రాముల సోడియం. ఉప్పులోకి మార్చాలంటే రెండున్నరతో గుణించాలి, దాదాపు తొమ్మిది గ్రాములు. ఒక చిన్న చెంచా ఉప్పు ఆరు గ్రాములు. అంటే మీరు డబ్బా మూత తియ్యకముందే కిలో చికెన్‌లో చెంచాన్నర ఉప్పు పడి ఉంది. ఊళ్ళో అలవాటైన కొలత వేస్తే కూర ఉప్పుకషాయం అవడం అందుకే. బీపీ ఉన్నవాళ్ళ ఇంట్లో ఇలాంటి ప్యాకెట్ అసలు కొనకపోవడం మంచిది.

మొత్తం కోడిని కోసుకోవడం

హలాల్ దుకాణం దూరమైతే ఇది నేర్చుకోవాల్సిన పనే. చెయ్యి తిరిగాక పావుగంట పడుతుంది. పదునైన చాకు, చికెన్ కోసే కత్తెర, కాగితపు తువ్వాళ్ళు ఉంటే చాలు. ఎముక కొట్టడానికి బరువైన కత్తి ఉంటే ఇంకా మంచిది. పల్చటి కూరగాయల చాకుతో కాలి ఎముక కొట్టకండి. చాకు అంచు విరుగుతుంది, ఎముక చిట్లి పెంకులు కూరలో పడతాయి.

తోలు ముందే తియ్యండి. తడి చేతికి జారుతుంది, కాగితపు తువ్వాలుతో పట్టుకుని లాగితే ఊడొస్తుంది. రొమ్ము దగ్గర మొదలుపెట్టి తొడల మీదుగా కిందికి లాగాలి. రెక్కల తోలు రాదు, వదిలెయ్యండి. తోక మొత్తం కోసి పారెయ్యండి. దానిమీద నూనె గ్రంథి ఉంటుంది, నీచు వాసనకి అదొక మూలం.

తర్వాత తొడకీ ఒంటికీ మధ్య చాకు పెట్టి కొంచెం కోసి, కాలుని వెనక్కి విరిస్తే కీలు బయటపడుతుంది. కోత ఎముక మీద కాకుండా కీలు మధ్యలో పడాలి. తొడనీ డ్రమ్‌స్టిక్‌నీ విడదీసేందుకు లోపలివైపు తిప్పి చూస్తే రెండిటి మధ్య సన్నటి కొవ్వు గీత కనిపిస్తుంది. సరిగ్గా దాని మీద కోస్తే చాకు కీలులోకి దిగుతుంది. రెక్కలు కూడా అలాగే. ఇక కత్తెరతో పక్కటెముకల వెంట రెండువైపులా కత్తిరిస్తే వీపు ఒక పక్క, రొమ్ము ఒక పక్క వస్తాయి. రొమ్ముని మధ్య ఎముక దగ్గర చీల్చి, ఒక్కో సగాన్ని అడ్డంగా మూడు ముక్కలు చెయ్యండి. తొడ రెండు ముక్కలు. డ్రమ్‌స్టిక్ కొట్టలేకపోతే మూడు చోట్ల ఎముక దాకా గాట్లు పెట్టి అలాగే వెయ్యండి.

వీపు ముక్కల లోపలివైపు వెన్నెముకకి అతుక్కుని ముదురు ఎరుపు ముద్దలుంటాయి. అవి మూత్రపిండాలు, ఊపిరితిత్తుల మిగుళ్ళు. సూపర్‌మార్కెట్ లెగ్ క్వార్టర్స్‌లో కూడా వెన్ను భాగంలో ఇవి తరచుగా మిగిలిపోతాయి. బొటనవేలితో గోకి తీసెయ్యాలి. ‘అమెరికా చికెన్ కంపు’ అని మనవాళ్ళు అనేదాంట్లో మంచి వాటా వీటిదీ, తోకదీ, తొడ దగ్గర పసుపు కొవ్వుదీ. నాలుగు పౌండ్ల కోడికి తోలు, కొవ్వు, తోక పోను కిలోన్నర దాకా కూర ముక్కలు వస్తాయి.

వ్యాక్యూమ్ ప్యాకెట్ విప్పగానే వచ్చే మూసిపెట్టిన వాసన పది పదిహేను నిమిషాలకి పోతుంది. పోకుండా కుళ్ళిన గుడ్డు వాసనో, పుల్లటి వాసనో ఉంటే, ముక్క మీద జిగురు పట్టి ఉంటే పారెయ్యాల్సిందే. ఎముక చుట్టూ నల్లగా ఉండటం మాత్రం పాడైనట్టు కాదు. లేతకోడి ఎముకల్లోంచి గడ్డకట్టి కరిగేటప్పుడు మజ్జ రంగు బయటికొస్తుంది. రొమ్ము లోపలి సన్నటి ముక్క ఆకుపచ్చగా ఉంటే అది రెక్కలు అదేపనిగా కొట్టుకోవడం వల్ల లోపలి కండ దెబ్బతినడం. ఆ ముక్క తీసేసి మిగతాది వండుకోవచ్చు.

కడగడం గురించి ఒక మాట. కడగొద్దని అక్కడి వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) చెబుతుంది, పసుపూ ఉప్పూ వేసి కడక్కుండా మన ఇళ్ళల్లో పొయ్యి ఎక్కదు. వాళ్ళ భయం కుళాయి కింద పట్టినప్పుడు చిందే నీళ్ళ గురించి. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి రోగం తెచ్చే బ్యాక్టీరియా ఆ చిందులతో పక్కనున్న కొత్తిమీర మీదికీ గిన్నెల మీదికీ చేరతాయి. కడగాల్సిందే అనుకుంటే సింక్ లోపల లోతు గిన్నె పెట్టి, నీళ్ళు ముందే పోసి, అందులో ముక్కలు దించి చేత్తో కలపండి. పైనుంచి ధార పట్టకండి. చుట్టూ ఏ గిన్నే ఉండకూడదు. అయ్యాక సింక్‌ని సబ్బుతో కడిగి, గ్యాలన్ నీళ్ళకి ఒక పెద్ద చెంచా వాసనలేని బ్లీచ్ కలిపి తుడవండి. కడిగిన ముక్కల్ని చిల్లుల గిన్నెలో అరగంట వదిలి, తువ్వాలుతో ఒత్తండి. ఈ ఒత్తడం మానేస్తే అసలున్న నీళ్ళకి కడిగిన నీళ్ళు కూడా తోడవుతాయి.

కూర

మన దగ్గర చికెన్‌ని ముందు దాని నీళ్ళల్లోనే మగ్గించి ఇగిర్చే పద్ధతి ఒకటుంది. నీళ్ళు పట్టిన కోడికి ఇంతకన్నా మంచి మందు లేదు.

కిలో ముక్కలకి 30 సెంటీమీటర్ల వెడల్పున్న మూకుడు కావాలి. ఇరుకు గిన్నెలో ముక్కల మీద ముక్కలు పడి ఆవిరికి ఉడుకుతాయి, నీరు ఇగరదు. రెండు పెద్ద చెంచాల నూనె కాగాక తొడలు, డ్రమ్‌స్టిక్స్, వీపు, రెక్కలు వెయ్యండి. రొమ్ము ముక్కలు పక్కన పెట్టాలి. అర చెంచా పసుపు, చికెన్ మామూలుదైతే చెంచా ఉప్పు వేసి, పెద్ద మంట మీద మూత లేకుండా తిప్పుతూ ఉండండి. ఉప్పునీరు ఎక్కించిన రకమైతే ఇప్పుడు ఉప్పు వెయ్యనే వద్దు. ఐదు నిమిషాల్లో నీరు ఊరుతుంది. నీళ్ళు పట్టిన కోడైతే గ్లాసు దాకా వస్తుంది, కంగారుపడి మూత పెట్టకండి. పది పన్నెండు నిమిషాల్లో బుడబుడ చప్పుడు పోయి చిటపట మొదలవుతుంది. నీరు పోయి నూనె మిగిలిందనడానికి ఆ చప్పుడే గుర్తు. ముక్కలు అంచుల దగ్గర రంగు తిరిగేదాకా ఇంకో రెండు నిమిషాలు ఆగండి.

అప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద, విడిగా వేయించిన ఉల్లిపాయలు, కారం, ధనియాల పొడి వేసి పచ్చివాసన పోయాక టమాటానో కొబ్బరిగసాల ముద్దనో కలిపి, వేడినీళ్ళు పోసి చిన్న మంట మీద పది నిమిషాలు ఉడికించండి. రొమ్ము ముక్కలు ఇక్కడ వెయ్యాలి. ఎనిమిది పది నిమిషాలు చాలు వాటికి. తెల్లమాంసం 74 డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దీ ఎండిపోతుంది. తొడ మాంసం 80, 85 దాకా పోతేనే అందులోని కొలాజెన్ కరిగి మెత్తబడుతుంది. రెండిటినీ ఒకేసారి వేసి ఒకేసారి దించితే ఏదో ఒకటి చెడాల్సిందే. ఉప్పు ఆఖర్న చూసి సరిచెయ్యండి.

సూపర్‌మార్కెట్ బ్రాయిలర్‌కి ప్రెషర్ కుక్కర్ అవసరం లేదు. ఒక్క విజిల్ దాటితే మాంసం పీచుగా విడిపోయి, ఎముకలు కూరలో తేలతాయి.

వేపుడు, చికెన్ 65, బిర్యానీ, పచ్చడి

వేపుడుకి బోన్‌లెస్ థైస్ తీసుకోండి, రొమ్ము వద్దు. ముందురోజు రాత్రి ముక్కల బరువుకి ఒక శాతం ఉప్పు, అంటే కిలోకి పది గ్రాములు, పట్టించి, తీగ పళ్ళెం మీద మూత లేకుండా ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. పైన ఎండి, లోపలికి ఉప్పు దిగుతుంది. ఉప్పునీరు ఎక్కించిన రకానికి ఉప్పు లేకుండా ఊరికే ఆరబెట్టండి. వేపుడు మ్యారినేషన్‌లో పెరుగు మానేసి నిమ్మరసం వాడితే నీళ్ళు తగ్గుతాయి.

చికెన్ 65 పిండి నూనెలో ఊడిపోతుంటే తప్పు పిండిది కాదు, ముక్క మీది తడిది. తడి ఆవిరై పిండిని లోపలినుంచి తోస్తుంది. పొడిగా ఒత్తిన అరకిలో ముక్కలకి ఒక గుడ్డు తెల్లసొన, రెండు పెద్ద చెంచాల మొక్కజొన్న పిండి (అక్కడ ‘కార్న్‌స్టార్చ్’), ఒక చెంచా బియ్యప్పిండి చాలు. పావుగంట ఆగి, 175 డిగ్రీల సెల్సియస్ నూనెలో వేయించండి. లీటరు నూనెకి ఒక వాయికి పావుకిలో దాటొద్దు. దాటితే నూనె చల్లారి, మళ్ళీ ఉడకడమే.

పచ్చిమాంసంతో దమ్ పెట్టే బిర్యానీలో ఈ కోడి మోసం బాగా బయటపడుతుంది, ఎందుకంటే వచ్చిన నీళ్ళన్నీ అన్నంలోకే పోతాయి. ముక్కల్ని చిల్లుల గిన్నెలో రెండు గంటలు ఫ్రిజ్‌లో వార్చండి. కిలోకి 200 గ్రాముల పెరుగు వేసే అలవాటుంటే దాన్ని గుడ్డలో కట్టి నీరు తీసి వాడండి. బియ్యం ముప్పాతిక వంతు కాకుండా సగం దాటి కొంచెం ఉడకగానే వార్చెయ్యండి, మిగతాది కింది ఆవిరి చూసుకుంటుంది. మ్యారినేషన్‌లో కిలోకి పదిహేను గ్రాముల ఉప్పు వేసేవాళ్ళు ఎక్కించిన చికెన్‌కి ఆరేడు గ్రాములకి తగ్గించాలి. అన్నం ఉడికే నీళ్ళ ఉప్పు మార్చనక్కర్లేదు.

కోడి పచ్చడికి ఉప్పునీరు ఎక్కించిన చికెన్ వాడొద్దు. పచ్చడి నిలవ ఉండేది ముక్కలో తడి లేకపోవడం వల్ల. ఈ రకంలో పైన ఎర్రగా వేగినా లోపల తడి మిగులుతుంది. ఏ చికెన్‌తో పెట్టినా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

చెక్కబారిన రొమ్ము ఇంటికొచ్చేస్తే

రసీదు ఉంటే తిరిగిచ్చెయ్యడం మొదటి పని. వండాక తెలిసినా చాలా దుకాణాలు డబ్బు వెనక్కిస్తాయి. యూఎస్‌డీఏ గుండ్రటి ముద్రలో ‘పి’ అక్షరంతో ప్లాంటు నంబరు ఉంటుంది, అది రాసిపెట్టుకోండి. బ్రాండు పేర్లు వేరైనా అదే నంబరు కనిపిస్తే అదే ప్లాంటు సరుకు. ఫిర్యాదులో కూడా ఈ నంబరు ఉండాలి.

వాడాల్సే వస్తే కైమా. గట్టి లావు కొసని కోసి, అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, మిక్సీలోనో మెషీన్‌లోనో రెండుసార్లు ఆడించండి. మూడో వంతు తొడ మాంసం కలిపితే కబాబులకి పనికొస్తుంది. చాలాసేపు ఉడికిస్తే మెత్తబడుతుందన్న ఆశతో కూరలో వెయ్యకండి, కరకర పోదు. పచ్చి బొప్పాయి పట్టించినా పైపొర ముద్దవుతుంది, లోపల అలాగే ఉంటుంది. సన్నటి కొస మాత్రం బాగుంటే, పోగులకి అడ్డంగా పల్చగా కోసి నూడుల్స్‌లోనో ఫ్రైడ్ రైస్‌లోనో వెయ్యొచ్చు.

నాటుకోడి రుచి కావాలంటే

సూపర్‌మార్కెట్‌లో దొరకదు. ఆఫ్రికన్ దుకాణాల్లో ‘హార్డ్ చికెన్’ అనీ, ఇతర చోట్ల ‘స్ట్యూయింగ్ హెన్’ అనీ అమ్మేవి గుడ్లు పెట్టడం అయిపోయిన ముదురు కోళ్ళు. కండ తక్కువ, రసం చిక్కన. వీటికి కుక్కర్ కావాలి, ఐదారు విజిల్స్, లేదా చిన్న మంట మీద గంటన్నర. చైనీస్ మార్కెట్లలో తల, కాళ్ళతో సహా అమ్మే కోడి రెండిటికీ మధ్యరకం. న్యూయార్క్ లాంటి నగరాల్లో ఎదురుగా కోసిచ్చే దుకాణాలున్నాయి. అక్కడ తెచ్చినదాన్ని వెంటనే వండకండి. కోసిన గంట రెండు గంటల్లో కండ బిగుసుకుంటుంది, వదలడానికి ఇంకొన్ని గంటలు పడుతుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వండితే ముక్క లొంగుతుంది.

హైదరాబాద్, విజయవాడల్లో దుకాణం ముందు కోయించుకునే కోడి రెండు కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి చెక్క రొమ్ము అంత తరచుగా తగలదు. అక్కడ చూడాల్సింది ఎండాకాలం. వేడికి అల్లాడి కోతకొచ్చిన కోడి కండ పాలిపోయి, మెత్తగా, నీరుకారుతూ ఉంటుంది. మే నెలలో పొద్దున్నే కొనండి. యాప్‌లో తెప్పించేవాళ్ళు నికర బరువు కోయకముందుదో తర్వాతదో చదువుకోండి.

నిలవ

పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకటి రెండు రోజులే. హోల్‌సేల్ స్టోర్ నుంచి పెద్ద ప్యాకెట్ తెస్తే ఆరోజే పూటకి సరిపడా విడదీసి, తడి ఒత్తి, జిప్ సంచుల్లో రెండు సెంటీమీటర్ల మందానికి పల్చగా పరిచి గాలి తీసి గడ్డకట్టించండి. పల్చటి సంచి తొందరగా గడ్డకడుతుంది, లోపల మంచుపలుకులు చిన్నవిగా ఏర్పడి కండపోగులు తక్కువ చిట్లుతాయి, కరిగేటప్పుడు కారే నీరు తగ్గుతుంది. ముద్దగా పెడితే దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ముక్కలు తొమ్మిది నెలల దాకా, మొత్తం కోడి ఏడాది దాకా రుచి నిలుస్తుంది. కరిగించడం ఫ్రిజ్‌లోనే, ముందురోజు రాత్రి తీసిపెట్టి. తొందరుంటే సంచి విప్పకుండా చల్లటి నీళ్ళల్లో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి, పౌండుకి అరగంట చొప్పున. అలా నీళ్ళల్లో కరిగించింది వెంటనే వండెయ్యాలి, మళ్ళీ ఫ్రీజర్‌లోకి పోకూడదు. కౌంటర్ మీద వదిలేసి ఆఫీసుకి వెళ్ళొద్దు.